క్షిపణుల వెలుగులో మరుగునపడిన కలాం

2025 మే నెల 2వ తేదీన అమరావతి సభావేదిక నుంచి ప్రధానమంత్రి నరేంద్ర మోదీ కృష్ణా జిల్లా నాగాయలంక వద్ద నెలకొల్పనున్న క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన చేశారు. వారం తిరగకముందే పాకిస్తాన్‌తో సంఘర్షణ తలెత్తింది. ‘ఆపరేషన్ సిందూర్’ పేరిట సాగిన ఆ పోరులో ‘ఆకాశ్’ క్షిపణులు శత్రువు ప్రయోగించిన ఆయుధాలను అడ్డుకోవడంలో సమర్థంగా పనిచేశాయని ప్రభుత్వం ప్రకటించింది. ఈ రెండు వార్తలు వెలువడిన నాటి నుంచి మాజీ రాష్ట్రపతి డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాం పేరు మళ్లీ జనం నోట వినబడుతున్నది. రచ్చబండల వద్ద ఒక పాత చర్చ కూడా కొత్తగా మొదలైంది.

ఆ చర్చలో రెండు పక్షాలున్నాయి. కలాం గొప్పతనమంతా క్షిపణులలోనే ఉన్నదనీ, రాష్ట్రపతిగా ఆయన పిల్లలకు హితబోధ చేయడం మినహా సాధించినదేమీ లేదనీ ఒక పక్షం అంటున్నది. ఆయన చేసినదంతా ఘనకార్యమేననీ, అందులో తప్పు వెదకడమే అపచారమనీ రెండవ పక్షం వాదిస్తున్నది. ఈ రెండు వాదాలలోనూ సగమే సత్యమున్నది. సరిహద్దు గ్రామాలలో బ్రతికే మనకు ఆ మిగిలిన సగమే ముఖ్యం. కనుక ఆయన జమాఖర్చుల పుస్తకాన్ని ఒకసారి తెరచి, ఏ పద్దు ఎక్కడ చేరుతుందో నిదానంగా చూడవలసి ఉన్నది.

ఐదు పనులు ఏకకాలంలో

శ్రీహరికోటలో కలాం సారథ్యాన రూపొందిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 1979 ఆగస్టు 10న మొదటి ప్రయోగంలో విఫలమై బంగాళాఖాతంలో పడిపోయింది. లోపాన్ని గుర్తించి, సరిదిద్ది, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపారు. ఆ తరువాత రెండేళ్లకు, 1982లో, రక్షణమంత్రి శాస్త్రీయ సలహాదారు వి.ఎస్. అరుణాచలం చొరవతో కలాం హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చారు.

అప్పటికి ఆ ప్రయోగశాల నిస్తేజంగా ఉండేది. 1970వ దశకంలో అక్కడ చేపట్టిన క్షిపణి పథకాలు ఆయుధం తయారు కాకుండానే ఆగిపోయాయి. అయితే ఆ పథకాలలో తయారైన ద్రవ ఇంధన యంత్ర పరిజ్ఞానమే తరువాత ‘పృథ్వి’కి ఆధారమైంది. విఫలమైన పని అంతా వృథా కాదనడానికి ఇదొక నిదర్శనం.

ఒకదాని తరువాత ఒకటిగా క్షిపణులను తయారుచేస్తామని అరుణాచలం, కలాం ప్రతిపాదించగా, అన్నింటినీ ఏకకాలంలో చేపట్టండని నాటి రక్షణమంత్రి ఆర్. వెంకటరామన్ సూచించారు. అదే 1983లో ఆమోదం పొందిన సమగ్ర గైడెడ్ క్షిపణి అభివృద్ధి కార్యక్రమం. దీనికి 388 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అనే ఐదు పేర్లు అక్కడే పుట్టాయి. ప్రతి క్షిపణికి ఒక సారథిని నియమించి, నిధులతోపాటు గడువు కూడా నిర్ణయించారు. అగ్నికి సారథ్యం వహించిన ఆర్.ఎన్. అగర్వాల్ వంటివారి పేర్లు కలాం పేరంతగా ప్రజలకు తెలియకపోవచ్చును గాని, ఆ శ్రమ వారందరిది.

పృథ్వి 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి, అగ్ని 1989 మే 22న ఒడిశాలోని చాందీపూర్ నుంచి ఎగిరాయి. అగ్నిలోని విశేషాన్ని సామాన్యునికి అర్థమయ్యేటట్లు చెప్పాలంటే ఇలా చెప్పవచ్చును. ఆ క్షిపణి వాయుమండలాన్ని దాటి పైకి పోయి, తిరిగి అమిత వేగంతో క్రిందికి దిగుతుంది. గాలి రాపిడికి దాని మొన వేల డిగ్రీల వేడెక్కుతుంది. మామూలు లోహమైతే కరిగిపోతుంది. లోపలి పరికరాలను ఆ వేడి నుంచి కాపాడడానికి కర్బన మిశ్రమ పదార్థంతో చేసిన కవచాన్ని మన శాస్త్రజ్ఞులే రూపొందించుకోవలసి వచ్చింది. ఎందుకంటే 1987లో సంపన్న దేశాలు కూడబలుక్కొని క్షిపణి సాంకేతిక పరిజ్ఞాన నియంత్రణ ఒడంబడికను అమలులోకి తెచ్చి, మనకు విడిభాగాలు సైతం అందకుండా తలుపులు మూసివేశాయి. 2016లో భారతదేశం అదే కూటమిలో సభ్యురాలు కావడం కాలం చేసిన విచిత్రం.

జమ ఎంత, బాకీ ఎంత?

ఐదింటిలో ఐదూ సఫలమయ్యాయని చెప్పడం సత్యదూరం. పృథ్వి, అగ్ని సైన్యం చేతికి అందాయి. త్రిశూల్ ఆశించిన ఫలితం ఇవ్వకపోవడంతో 2008లో దానిని ముగించారు. నాగ్ తుది పరీక్షలు ముగిసేసరికి 2020 వచ్చింది. ఆకాశ్ మొదటి పరీక్ష 1990లో జరుగగా, సైనిక దళంలో చేరినది 2015 మేలో, అంటే కలాం కన్నుమూయడానికి రెండు మాసాల ముందు. పాతికేళ్ల ఈ ఆలస్యాన్ని విమర్శకులు ఎత్తిచూపడంలో అన్యాయమేమీ లేదు. ఆ ఆలస్యానికి ఓర్చినందువల్లనే పదేళ్ల తరువాత ఆకాశ్ అక్కరకు వచ్చినదన్న జవాబులోనూ అసత్యం లేదు.

అంతగా ప్రచారానికి నోచుకోనిది మరొకటి ఉన్నది. 1998 ఫిబ్రవరి 12న రష్యాతో కుదిరిన బ్రహ్మోస్ ఒప్పందంపై భారతదేశం పక్షాన సంతకం చేసినవారు కలామే. శబ్దవేగానికి రెండున్నర రెట్లకు మించి దూసుకుపోయే ఆ క్షిపణిని 2001 జూన్ 12న చాందీపూర్‌లో మొదటిసారి పరీక్షించారు. దానిని కొనుగోలు చేయడానికి 2022 జనవరిలో ఫిలిప్పీన్స్ దేశం ఒప్పందం చేసుకోగా, 2024 ఏప్రిల్‌లో తొలి విడత అక్కడికి చేరింది. ఒకనాడు విడిభాగాలకు చేయి చాచిన దేశం ఆయుధాన్ని అమ్మే స్థితికి రావడానికి పునాది అక్కడ పడినది.

యుద్ధ పరిజ్ఞానం వికలాంగ బాలల కాళ్లకు ఊతమైన సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. పోలియో సోకిన పిల్లలు అప్పట్లో మూడు, నాలుగు కిలోల బరువున్న లోహపు పట్టీలను ఈడ్చుకుంటూ నడిచేవారు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి వైద్యుల కోరికపై, అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి మిశ్రమ పదార్థంతో అరకిలోకు లోపు బరువుండే పట్టీలను కలాం బృందం తయారుచేసింది. హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజుతో కలిసి ఆయన రూపొందించిన ‘కలాం-రాజు స్టెంట్’ కూడా హైదరాబాదులో పుట్టినదే.

బాలియాపాల్ నేర్పిన పాఠం

క్షిపణి కథలో గ్రామస్థుల అధ్యాయం కూడా ఒకటి ఉన్నది. దానిని విస్మరించి నాగాయలంక గురించి మాట్లాడడం సమంజసం కాదు. 1980వ దశకం మధ్యలో ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బాలియాపాల్ ప్రాంతంలో జాతీయ పరీక్షా కేంద్రాన్ని నెలకొల్పాలని కేంద్రం తలపెట్టింది. తమలపాకు తోటలకు, కొబ్బరికి, వరికి పేరుపొందిన సారవంతమైన నేల అది. వేలాది కుటుంబాలు ఊళ్లు వదలవలసిన పరిస్థితి ఏర్పడగా, ప్రజలు ఒక్కటై నిలిచారు. దారులకు అడ్డంగా కంచెలు వేశారు. అధికారులు వస్తున్నారని తెలియగానే స్త్రీలు శంఖాలు పూరించి, పళ్లేలు మ్రోగించి ఊరంతటినీ మేల్కొలిపేవారు. ఏళ్ల తరబడి సాగిన ఆ పోరాటానికి తలవంచి ప్రభుత్వం పథకాన్ని విరమించుకున్నది.

దేశ రక్షణ ఆగిపోయిందా? లేదు. చాందీపూర్ కేంద్రంతోపాటు, జనావాసం లేని వీలర్ ద్వీపాన్ని పరీక్షలకు సిద్ధం చేసుకున్నారు. ఆ ద్వీపమే 2015 నుంచి అబ్దుల్ కలాం ద్వీపంగా పిలువబడుతున్నది. పంట భూమిని కాపాడుకుంటూనే పరీక్షా కేంద్రాన్ని నడుపుకోవచ్చునని ఆ ద్వీపం రుజువు చేసింది. చాందీపూర్ పరిసర గ్రామాల వారిని పెద్ద పరీక్షలప్పుడు తాత్కాలికంగా తరలించి నష్టపరిహారం చెల్లించే పద్ధతి కూడా అక్కడ అమలులో ఉన్నది. నాగాయలంక తీరంలోని మత్స్యకారులకు చేపల వేటకు అంతరాయం కలిగే రోజులెన్ని, పరిహారమెంత, ముందస్తు సమాచారం ఎవరిస్తారు అన్నవి మొదటి ప్రయోగానికి ముందే వ్రాతపూర్వకంగా తేలవలసిన విషయాలు. ఈ ప్రశ్న అడగడం దేశద్రోహం కాదు. దేశ రక్షణకు భూమినీ, సముద్రాన్నీ విడిచి ఇచ్చేవారికి అది కనీస హక్కు.

సంతకానికి ముందు ఒక ప్రశ్న

ఇక రాష్ట్రపతి పదవి. 2002 జులై 25న కలాం ఆ బాధ్యత స్వీకరించారు. రాజ్యాంగంలోని 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. అయితే ఆ సలహాను ఒక్కసారి పునరాలోచనకు తిప్పిపంపే వీలును 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ కల్పించింది. రెండవసారి అదే సలహా వస్తే మాత్రం అంగీకరించక తప్పదు. 111వ అధికరణం క్రింద బిల్లుల విషయంలోనూ ఇటువంటి అవకాశమే ఉన్నది. అంటే రాష్ట్రపతి చేతిలో ఉన్న ఆయుధం ఒక్క ప్రశ్న మాత్రమే. ఆ ప్రశ్నను ఎవరు ఎప్పుడు వేశారన్న దానినిబట్టే ఆ పదవిని నిర్వహించిన తీరును తూకం వేయాలి.

పదవి చేపట్టి నెల తిరగకముందే కలాం ఆ ప్రశ్న వేశారు. ఎన్నికలలో నిలబడే అభ్యర్థులు తమపై ఉన్న క్రిమినల్ కేసులను, ఆస్తులను, అప్పులను, విద్యార్హతలను ప్రజలకు వెల్లడించాలని సుప్రీంకోర్టు 2002 మే 2న తీర్పు చెప్పింది. పార్టీలన్నీ ఒక్కటై ఆ తీర్పును నీరుగార్చే ఆర్డినెన్సుకు పూనుకున్నాయి. వాజపేయి ప్రభుత్వం పంపిన ఆ ఆర్డినెన్సును కలాం 2002 ఆగస్టు 23న వివరణ కోరుతూ తిప్పిపంపారు. మంత్రిమండలి మార్పేమీ లేకుండా మళ్లీ పంపగా, మరునాడు సంతకం చేశారు. ఒక్కరోజు ఆపి ఏమి ప్రయోజనమని ఎగతాళి చేసినవారున్నారు. కానీ ఆ ఒక్కరోజు దేశమంతటా ఆ ఆర్డినెన్సులో ఏమున్నదో చర్చకు వచ్చింది. ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన చట్టంలోని ఆ నిబంధనను సుప్రీంకోర్టు 2003 మార్చి 13న కొట్టివేసింది. విజయం కోర్టుదీ, ప్రజాహిత వ్యాజ్యం వేసినవారిదీ. అయినా అందరూ ఒక్కటైన వేళ ఆగి అడిగినవాడు రాష్ట్రపతి భవనంలో ఒకడున్నాడన్నది చరిత్రలో నిలిచిన మాట. ఈనాడు మన గ్రామంలో ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థి మీద ఎన్ని కేసులున్నాయో, ఎన్ని ఎకరాలున్నాయో అఫిడవిట్ చూసి తెలుసుకోగలుగుతున్నామంటే దాని వెనుక ఇంత కథ ఉన్నది.

రెండవ సందర్భం 2006లో వచ్చింది. లాభదాయక పదవులలో ఉన్న ఎంపీలను అనర్హత నుంచి తప్పించేందుకు, పలు పదవులకు వెనుకటి తేదీ నుంచి మినహాయింపు ఇస్తూ పార్లమెంటు ఒక బిల్లును ఆమోదించింది. మినహాయింపులకు న్యాయమైన, అన్ని రాష్ట్రాలకూ ఒకే రీతిగా వర్తించే ప్రమాణం ఉండాలి గదా అంటూ కలాం మే 30న ఆ బిల్లును తిప్పిపంపారు. ఉభయసభలు యథాతథంగా తిరిగి ఆమోదించగా, ఆగస్టు 18న సంతకం చేశారు. ఈ అంశాన్ని పరిశీలించేందుకు సంయుక్త పార్లమెంటరీ సంఘం ఏర్పడింది. మొదటిసారి ప్రశ్నించినది వాజపేయి ప్రభుత్వాన్ని, రెండవసారి మన్మోహన్ సింగ్ ప్రభుత్వ కాలంలోని పార్లమెంటును. పక్షపాతం లేదనడానికి వేరే సాక్ష్యం అక్కర లేదు.

అడగని వేళ

మరి అడగవలసిన చోట అడగని సందర్భం కూడా ఉన్నది. 2005 మే నెలలో కలాం మాస్కోలో ఉండగా, బీహార్ శాసనసభను రద్దు చేయాలన్న సిఫారసు అర్ధరాత్రి వేళ ఫ్యాక్సులో అందింది. ఆయన సంతకం చేసి పంపారు. కొత్త శాసనసభ ఒక్కసారి కూడా సమావేశం కాకముందే రద్దయింది. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు అదే సంవత్సరం అక్టోబరులో తేల్చి చెప్పింది. తాను రాజీనామా లేఖ సిద్ధం చేసుకున్నానని, ప్రధాని మన్మోహన్ సింగ్ అభ్యర్థన మేరకు విరమించుకున్నానని కలాం తరువాత తన గ్రంథంలో వ్రాసుకున్నారు. పశ్చాత్తాపం గౌరవనీయమే. కానీ ఆర్డినెన్సును ఒక్కరోజు ఆపగలిగిన కలం ఆ రాత్రి ఎందుకు ఆగలేదన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

క్షమాభిక్ష దరఖాస్తుల విషయం కూడా అటువంటిదే. ఐదేళ్లలో ఆయన నిర్ణయం వెలువరించినవి రెండే. ఒకదానిని తిరస్కరించారు, మరొకదానిలో మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. మిగిలినవి తరువాతి వారికి సంక్రమించాయి. ఉరిశిక్ష పడినవారిలో అత్యధికులు పేదలేనన్న ఆయన ఆవేదనను అర్థం చేసుకోవచ్చును. కానీ నిర్ణయం లేని నిరీక్షణ కూడా ఒక శిక్షే.

విదేశాంగ రంగంలో ఆయన వేసిన ఒక విత్తనం మాత్రం నిశ్శబ్దంగా ఫలించింది. 2004లో ఆఫ్రికా ఖండ పార్లమెంటులో ప్రసంగిస్తూ, ఉపగ్రహాల ద్వారా ఆఫ్రికా దేశాలకు భారత విశ్వవిద్యాలయాల చదువును, ఆసుపత్రుల సలహాను అందిస్తామని ప్రతిపాదించారు. 2009 ఫిబ్రవరిలో ఆ వ్యవస్థ ప్రారంభమై నలభైకి పైగా దేశాలలో విస్తరించింది. క్షిపణి శాస్త్రజ్ఞుడు పదవిలో ఉండి ఇచ్చిన కానుక చదువు, వైద్యం.

మన గడప దాకా వచ్చి ఆగిన పథకం

సరిహద్దు గ్రామాల వారు నిలిచి ఆలోచించవలసిన పద్దు ఇది. ‘పుర’ అనే పేరుతో గ్రామాలకు పట్టణ సౌకర్యాలు కల్పించాలని కలాం ఊరూరా చెప్పారు. ఆచార్య పి.వి. ఇందిరేశన్ ఆలోచనలోంచి వచ్చిన పథకమది. కొన్ని గ్రామాలను ఒక సముదాయంగా కూర్చి, వాటిని నాలుగు విధాల కలపాలి. మొదట రోడ్డు, రవాణా. రెండవది టెలిఫోను, కంప్యూటరు. మూడవది బడి, శిక్షణ. ఈ మూడూ కుదిరితే నాలుగవదైన సంపాదన తనంతట తాను వస్తుంది. ఊరివాడు పొట్ట చేతబట్టుకొని పట్నం పోనక్కర లేదు. దేశమంతటికీ ఇటువంటి సముదాయాలు ఏడు వేలు కావాలని ఆయన లెక్క వేశారు.

2003 ఆగస్టు 15న వాజపేయి ఎర్రకోట నుంచి ఈ పథకాన్ని ప్రకటించారు. ప్రయోగాత్మకంగా ఏడు రాష్ట్రాలలో ఏడు చోట్ల చేపట్టారు. వాటిలో ఒకటి అనంతపురం జిల్లా రాయదుర్గం. కర్ణాటక హద్దును ఆనుకొని, బళ్లారికీ మొళకాల్మూరుకూ చేరువలో ఉన్న మన రాయదుర్గమే. మహారాష్ట్రలో బస్మత్, ఒడిశాలో కుజంగ ఎంపికయ్యాయి. ఒక్కొక్క చోటికి కేటాయించినది సుమారు నాలుగైదు కోట్ల రూపాయలు. మూడేళ్ల తరువాత చూస్తే కొన్ని రోడ్లు, కొన్ని భవనాలు మిగిలాయి. సంపాదన అనే నాలుగవ సూత్రం అందలేదు. 2010 తరువాత ప్రైవేటు భాగస్వామ్యంతో దానిని మళ్లీ మలచారు. 2016లో రూర్బన్ మిషన్ పేరుతో 300 సముదాయాల మరో పథకం వచ్చింది. ఏడు వేలు అన్న సంఖ్య ఉపన్యాసాలలోనే ఉండిపోయింది.

క్షిపణి ఎందుకు ఎగిరింది, పుర ఎందుకు ఎగరలేదు? రెంటికీ మూలపురుషుడు ఒక్కడే. కానీ క్షిపణికి ఒక సారథి ఉన్నాడు. తప్పు జరిగితే జవాబు చెప్పవలసినవాడు ఫలానా అని అందరికీ తెలుసు. మొదటి ప్రయోగం విఫలమైతే పథకం పేరు మార్చలేదు, లోపాన్ని వెదికి రెండవ ప్రయోగం చేశారు. పురకు ఆ సారథి లేడు. కేంద్రం డబ్బిచ్చింది, రాష్ట్రం శాఖలకు పంచింది, శాఖలు తలా ఒక పని చేసి చేతులు దులుపుకున్నాయి. విఫలమైనప్పుడు కారణం సరిదిద్దడానికి బదులు కొత్త పేరు పెట్టారు.

అన్నింటినీ మించి, ఆ సముదాయాల గీతలు రాష్ట్ర హద్దు దగ్గర ఆగిపోయాయి. మన బ్రతుకులు అక్కడ ఆగవు. రాయదుర్గం వైపు రైతుకు బళ్లారి మార్కెట్టు కావాలి. గంజాం జిల్లా తెలుగు కుటుంబానికి ఇచ్ఛాపురం సంత కావాలి. హోసూరు పిల్లవానికి తెలుగు బడి కావాలి. గ్రామాలను కలపడమే పథక లక్ష్యమైతే, హద్దుకు ఇరుప్రక్కలా ఉన్న గ్రామాలను కలిపే సముదాయం ఒక్కటైనా ఉండవలసింది. క్షిపణిలో రష్యాతో భాగస్వామ్యం సాధ్యమైనప్పుడు, రోడ్డు, ఆసుపత్రి విషయంలో రెండు పొరుగు రాష్ట్రాల భాగస్వామ్యం అసాధ్యమెట్లా అవుతుంది?

తూకం

కనుక చర్చలోని ఇరుపక్షాలకూ జవాబు ఒక్కటే. రాష్ట్రపతిగా కలాం ఏమీ చేయలేదనడం సరికాదు. మన అఫిడవిట్ హక్కు కథలో ఆయన సంతకం ఒక్కరోజు ఆగిన సంగతి ఉన్నది. ఆయన అన్నీ చేశారనడమూ సరికాదు. బీహార్ ఫ్యాక్సు ఉన్నది, తేలని దరఖాస్తులున్నాయి, మొదటి మెట్టు దాటని పుర ఉన్నది.

2015 జులై 27న షిల్లాంగులో విద్యార్థులకు ప్రసంగిస్తూనే ఆయన కుప్పకూలారు. ఆయన పేరు ద్వీపానికి పెట్టుకున్నాము, బడులకు, వీధులకు పెట్టుకున్నాము. గౌరవం అంతటితో తీరదు. ఈసారి మన మండలానికి ఏ గ్రామాభివృద్ధి పథకం వచ్చినా, గ్రామసభలో మూడు ప్రశ్నలు వేయాలి. దీనికి బాధ్యుడైన అధికారి ఎవరు? గడువు ఎప్పుడు? విఫలమైతే సరిదిద్దేది ఎవరు? ఇవి హైదరాబాదు ప్రయోగశాలలో ప్రతి క్షిపణికీ వేసిన ప్రశ్నలే. ఊరికి కూడా అవి వర్తించిన నాడే కలాం ఖాతాలో మిగిలిన బాకీ తీరుతుంది.